పాప కునుకా, చెల్లి పెళ్ళా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. పాపకు ఎనిమిదో నెల. ఫోనులో ఒక యాప్ చూసి పాప పగటి నిద్రకు వేళలు పెట్టుకున్నాను. ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12.30కి, సాయంత్రం 4.30కి. ఆ వేళకు గదిలో పరదాలు వేసి, చీర ఉయ్యాల ఊపితేనే పడుకుంటుంది. ఒక్కటి తప్పినా రోజంతా పేచీయే. అందుకని నేను గడప దాటడం మానేశాను. కూరగాయలు కూడా ఫోనులోనే తెప్పిస్తున్నాను. మొన్న కార్తీక సోమవారం అత్తయ్యగారు బలవంతం చేస్తే గుడికి వెళ్ళాం. పొద్దుటి నిద్ర తప్పింది. ఆ రాత్రి పాప నాలుగుసార్లు లేచి ఏడ్చింది. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. ‘మేము నలుగురిని పెంచాం, గడియారం చూసి ఎవరినీ పడుకోబెట్టలేదు’ అంటారు. మావారు ఇద్దరికీ సర్దిచెబుతూ ఉంటారు. మాఘమాసంలో రాజమహేంద్రవరంలో మా చెల్లి పెళ్ళి. ముహూర్తం రాత్రి 11.42కి. వెళ్ళాలంటే భయంగా ఉంది, మానాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఒక్కోరోజు పాప పడుకున్నాక బాల్కనీలో నిలబడి రోడ్డు చూస్తూ ఏడుస్తున్నాను. పాప నిద్ర పాడుకాకుండా బయటికి వెళ్ళే దారి ఉందా?

సమాధానం: అమ్మా, ముందుగా పెళ్ళి మాట. తప్పకుండా వెళ్ళండి. పాపను తీసుకునే వెళ్ళండి. రాత్రి ముహూర్తమైనా, పెళ్ళివారిల్లు ఎంత సందడిగా ఉన్నా పిల్ల నిద్ర పెద్దగా చెడకుండా చూసుకోవచ్చు. ఎలాగో తరువాత వివరంగా రాస్తాను. పెళ్ళికి ఇంకా వ్యవధి ఉంది. మీరు గడప దాటడం మాత్రం ఈ వారంలోనే మొదలుకావాలి.

పాప నిద్ర గురించి మీరు తీసుకునే శ్రద్ధ అతి కాదు. నిద్ర చాలని పిల్ల పాలు సరిగా తాగదు, ఆడుకోదు, ఎత్తుకున్నా దించినా ఏడుస్తుంది. మీరు చూస్తున్నది నిజం. అత్తయ్యగారు చెప్పిందీ నిజమే. ఆ రోజుల్లో పిల్లలు కూడా పగలు రెండు మూడు సార్లు పడుకున్నవారే, ఆ వేళలు ఎవరూ రాసిపెట్టుకోలేదు, అంతే. పిల్ల కళ్ళు నలుపుకుంటే దగ్గరలో ఉన్న పెద్దమ్మో మేనత్తో ఎత్తుకుని భుజాన వేసుకునేది. తల్లి వంట ఆగేది కాదు, గుడికి వెళ్ళడమూ ఆగేది కాదు. అంతమంది చేసిన పని ఇప్పుడు మీ రెండు చేతుల మీద పడింది. దిక్కుతోచక యాప్‌ను ఆసరా చేసుకున్నారు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాకపోతే ఆ ఆసరా ఇప్పుడు మిమ్మల్ని కట్టిపడేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల నిద్ర, ఆటలు, కదలికల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర ఉండాలని అందులో ఉంది. కింది అంచుకూ పై అంచుకూ మధ్య ఎంత వెసులుబాటు ఉందో చూడండి. నాలుగు గంటలు! ఇంత వెసులుబాటు ఉన్నచోట 12.30 అని గీత గీసింది యాప్. పాప రాత్రి పది గంటలు, పగలు అంతా కలిపి రెండున్నర మూడు గంటలు పడుకుంటూ ఉంటే చాలు. ఏదో ఒకరోజు గంట తగ్గినందువల్ల పిల్ల ఎదుగుదలకు నష్టం రాదు. వారాల తరబడి తగ్గుతూ వస్తే అప్పుడు ఆలోచించాలి.

నిద్ర ఎలా వస్తుందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, పడుకున్నాక తగ్గుతుంది. పెద్దవాళ్ళం పొద్దున లేచి రాత్రిదాకా తట్టుకోగలం. ఎనిమిది నెలల పిల్ల సుమారుగా రెండున్నర మూడు గంటలు తట్టుకుంటుంది. ఆ హద్దు బాగా దాటితే అలసట మితిమీరి, నిద్ర కావలసిన పిల్లే నిద్రపోనని పేచీ పెడుతుంది. దీనికి తోడు ఒంట్లో ఒక గడియారం ఉంది. పుట్టినప్పుడు అది కుదురుగా ఉండదు, మూడు నాలుగు నెలలు వచ్చేసరికి రాత్రీ పగలూ తేడా పట్టుకోవడం మొదలుపెడుతుంది. దానికి రోజూ సమయం చెప్పేది వెలుతురు. పగలు మూడుసార్లు పరదాలు వేసిన గదిలోనూ, మిగిలిన సమయం ట్యూబులైటు కిందా గడిపే పిల్లకు ఏది పగలో తెలియజెప్పే ఆనవాలు తక్కువ. ఉదయపు వెలుగులో ఒక అరగంట బయట తిప్పడం రాత్రి నిద్రకు మేలు చేస్తుంది. నేను ఇంత గట్టిగా మిమ్మల్ని బయటికి పొమ్మనడానికి ఇదే మొదటి కారణం.

కాబట్టి గోడ గడియారాన్ని కొంత వదిలి పిల్ల ముఖాన్ని చూడండి. పాప ఎప్పుడు లేచిందో మాత్రం గుర్తుపెట్టుకోండి. లేచిన రెండు గంటల తరువాత గమనించడం మొదలుపెట్టండి. మొదట చూపు మారుతుంది. అప్పటిదాకా గిలక వెంట తిరిగిన కళ్ళు ఎక్కడో ఒకచోట నిలిచిపోతాయి. కనుబొమ్మల దగ్గర కొద్దిగా ఎర్రబడుతుంది. చెవి లాక్కుంటుంది, ఎత్తుకుంటే మీ భుజానికి ముఖం రుద్దుతుంది. ఆ సమయంలో జోకొడితే కాసేపట్లోనే పడుకుంటుంది. వీపు విల్లులా వంచి ఏడ్చేదాకా వచ్చిందంటే ఆలస్యమైనట్టు. ఈ గుర్తులు ఇంట్లో ఎలా ఉంటాయో గుడిలోనూ, బస్సులోనూ, పెళ్ళిలోనూ అలాగే ఉంటాయి. యాప్ ఇంట్లో తప్ప పనికిరాదు.

మూడు కునుకుల్లో ఒకదాన్ని కాపాడండి, మిగిలినవాటిని మీతో పాటు తిరగనివ్వండి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది. మూడూ సమానమని మీరు అనుకుంటున్నారు. కాదు. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య చాలామంది పిల్లలు మూడో కునుకు మానేసి రెండుకు వస్తారు. సాయంత్రం 4.30కి మీరు పరదాలు వేసి కుస్తీ పడుతున్నది పిల్ల వదిలేయబోతున్న నిద్ర కోసం కావచ్చు. దాన్ని ఈ రోజే స్వేచ్ఛగా వదలండి. ఆ వేళకు పిల్లను ఎత్తుకుని కిందికి దిగండి. మీ భుజం మీద ఇరవై నిమిషాలు పడుకుంటే మంచిదే. పడుకోకపోతే ఆ రాత్రి అరగంట ముందు పక్క ఎక్కించండి. నష్టం అక్కడితో సరి.

కాపాడవలసినది మధ్యాహ్నపు నిద్ర. దాన్నే ఎందుకు ఎంచుకుంటున్నానంటే, మన ఊళ్ళలో ఏడాదిలో సగం రోజులు పన్నెండు నుంచి నాలుగు దాకా చంటిపిల్లతో బయట తిరగలేం. ఎండలు ముదిరాక ఎలాగూ తలుపులు వేసుకుని ఉండే సమయం అది. ఆ నిద్ర ఇంట్లో, తన పక్క మీద, పూర్తిగా పడుకోనివ్వండి. నలుగు పెట్టి తలారా స్నానం చేయిస్తే పిల్లలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతారని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ స్నానాన్ని ఈ నిద్రకు ముందుకు జరపండి. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, పసి ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదు. మధ్యాహ్నం ఇలా కంటినిండా పడుకున్న పిల్ల ఉదయపు కునుకు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది.

ఇక బయటికి వెళ్ళే సమయం. నిద్ర ముందు వెళ్ళకండి, నిద్ర లేచాక వెళ్ళండి. చాలామంది తల్లులు ఇంటి పనంతా ముగించి, పిల్లను ముస్తాబు చేసి, సంచి సర్ది, తాళం వేసేసరికి పిల్లకు నిద్ర వేళ అవుతుంది. దారిలోనే ఏడుపు మొదలవుతుంది. అందుకే సంచి ముందు రాత్రే సర్దిపెట్టుకోండి. రెండు డైపర్లు, ఒక జత బట్టలు, పలుచని దుప్పటి, తుడిచే గుడ్డ, పాప తినే మెత్తటి ముద్ద చిన్న గిన్నెలో. అంతకంటే ఎక్కువ వద్దు, బరువు చూసి మీరే ఆగిపోతారు. పాప లేచింది, పాలు తాగింది, బట్టలు మార్చారు. అప్పటి నుంచి గంటన్నర మీది. ఈ రోజుల్లో అయితే ఉదయం ఏడున్నరకు మంచు విడిచి ఎండ హాయిగా ఉంటుంది. రైతు బజారుకు నడవండి. కూరగాయలు ఫోనులో తెప్పించుకోవడం మానేయమని నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను. టమాటా ఎరుపు, కొత్తిమీర కట్ట వాసన, బేరాలాడే గొంతులు, ఇవి ఎనిమిది నెలల పిల్లకు ఏ బొమ్మా ఇవ్వలేని ఆట. మీకూ నలుగురి ముఖాలు చూసినట్టు ఉంటుంది.

బయట ఉండగా నిద్ర వస్తే? రానివ్వండి. కొన్ని జాగ్రత్తలు మాత్రం గట్టిగా పాటించండి. పిల్లను ముందువైపు కట్టుకునే క్యారియర్ వాడుతుంటే ముఖం ఎప్పుడూ మీకు కనిపించాలి, మీరు తల వంచితే నుదుటికి ముద్దుపెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి, గడ్డం గుండెకు ఆనుకుపోకూడదు. గడ్డం అలా కిందికి నొక్కుకుంటే ఊపిరి తీసుకునే దారి ముడుచుకుపోతుంది. కూర్చున్న భంగిమలో నిద్రపోతే వచ్చే ప్రమాదం ఇదే. కారు సీటులో పడుకున్న పిల్లను కూడా చేరగానే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ‘లేస్తుందేమో’ అని ఆగిన కారులో ఒక్క నిమిషమైనా వదలకండి. అద్దాలు వేసిన కారు ఎంత త్వరగా వేడెక్కుతుందో ఊహకు అందదు. స్ట్రోలరు ఉంటే మీ అపార్ట్‌మెంటు ఆవరణలో బాగా పనికొస్తుంది. మన రోడ్ల పక్క కాలిబాట ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో మీకు తెలుసు. ఎండ తగులుతుందని స్ట్రోలరు మీద దుప్పటి కప్పకండి, లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది. గొడుగు పట్టండి. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో మరో మాట ఉంది. పిల్లలను స్ట్రోలరులో గానీ, ఒంటికి కట్టుకుని గానీ గంటకు మించి కదలకుండా ఉంచవద్దని. అంచేత మధ్య మధ్యలో విప్పి, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.

బైకు విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. తండ్రి నడుపుతూ, తల్లి వెనక కూర్చుని, ఇద్దరి మధ్యా నిద్రపోతున్న చంటిపిల్ల తల అటూ ఇటూ వాలిపోతూ ఉండే దృశ్యం మన రోడ్ల మీద రోజూ కనిపిస్తుంది. మోటారు వాహనాల నిబంధనలకు 2022లో చేసిన సవరణ ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లలను బైకు మీద ఎక్కించుకుంటే నడిపేవారికి కలిపి కట్టే పట్టీ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. మీ పాపకు ఎనిమిదో నెల. మెడ ఇంకా హెల్మెట్ బరువు మోయగలిగే వయసు కాదు. ఆటో ఎక్కండి, బస్సు ఎక్కండి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో తెలంగాణ ఆడవారికి 2023 డిసెంబరు నుంచి ఛార్జీ కూడా లేదు. రద్దీ తగ్గాక పదకొండింటి లోపు ఒక స్టాపు నుంచి నాలుగు స్టాపులు వెళ్ళి రండి. బస్సు ఊపుకు పిల్లలు భలే నిద్రపోతారు.

గుడికి వెళ్ళిన రాత్రి సంగతి. నాలుగుసార్లు లేవడానికి పొద్దుటి కునుకు తప్పడం ఒక కారణం కావచ్చు, అదొక్కటే అనుకోకండి. ఎనిమిది నెలలప్పుడు పిల్లలకు తల్లి కనబడకపోతే భయం మొదలవుతుంది. పళ్ళు వస్తుంటాయి. పాకడం నేర్చుకునే రోజుల్లో నిద్రలో కూడా లేచి మోకాళ్ళ మీద కూర్చుంటారు. వీటిలో ఏదైనా ఆ రాత్రే జరిగి ఉండొచ్చు. మీరు ఆ రోజు తొలిసారిగా పిల్లను బయటికి తీసుకెళ్ళారు కాబట్టి నెపమంతా గుడి మీదికి వెళ్ళింది. గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించడం, పాలు మానేయడం, జ్వరం, లేపినా లేవని మత్తు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

చీర ఉయ్యాల గురించి ఒక మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. బోర్లపడి, కూర్చోవడం వచ్చిన పిల్లకు చీర ఉయ్యాల ప్రమాదం. అంచు పట్టుకుని లేవబోయి జారిపడవచ్చు, గుడ్డ మెడకు చుట్టుకోవచ్చు. పైగా ఉయ్యాల పెళ్ళికి మీ వెంట రాదు. ఇప్పటి నుంచే పాపను నేల మీద పరిచిన గట్టి పరుపు మీద పడుకోబెట్టడం అలవాటు చేయండి. మొదటి నాలుగు రోజులు ఏడుస్తుంది. పక్కనే కూర్చుని వీపు నిమరండి. మీతో తీసుకెళ్ళగలిగినవే నిద్రకు గుర్తులుగా మార్చండి. రోజూ అదే పలుచని దుప్పటి పరవడం, అదే జోలపాట, అదే వరుసలో ముఖం తుడిచి, పాలు పట్టి, దీపం తగ్గించడం. ఈ వరుస రాజమహేంద్రవరంలో కూడా మీ చేతిలోనే ఉంటుంది. అప్పుడు పరదాలు లేని గదిలో కూడా పాప పడుకుంటుంది.

ఇక పెళ్ళి. మాఘం వచ్చేసరికి పాపకు పది నెలలు దాటుతాయి. అప్పటికి రెండు కునుకులే ఉంటాయి, మెలకువ మూడు మూడున్నర గంటలకు పెరుగుతుంది. అంటే ఇప్పుడు మీరు ఊహించుకుంటున్నంత కష్టం ఉండదు. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా వేయించండి. పెళ్ళి జనంలోకి వెళ్ళే ముందు అది తప్పనిసరిగా పడి ఉండాలి. ఆ టీకా ప్రయాణాన్ని కూడా నిద్ర లేచాకే పెట్టుకోండి.

పెళ్ళికి రెండు రోజుల ముందే పుట్టింటికి చేరండి. పిల్లకు కొత్త గోడలు, కొత్త ముఖాలు అలవాటు కావడానికి ఒక రోజు పడుతుంది. రాత్రి రైలే మేలు, పిల్ల ఎలాగూ పడుకునే సమయం అది. బండి ఎక్కేముందే ఇంట్లో రాత్రి దుస్తులు వేసేయండి. కింది బెర్తులో గోడవైపు పాపను పడుకోబెట్టి బయటివైపు మీరు పడుకోండి. రైలువాళ్ళు ఇచ్చే దళసరి కంబళి పాప మీద కప్పవద్దు, ముఖం మీదికి జరిగితే ప్రమాదం. ఏసీ చలికి ఒంటికి సరిపోయే బట్టలు రెండు పొరలు చాలు. మీరూ మీవారూ వంతులు వేసుకుని ఒకరు మెలకువగా ఉండండి. ఆ ఒక్క రాత్రి పాప సరిగా పడుకోకపోయినా మర్నాడు అమ్మమ్మ ఇంట్లో తీరుతుంది.

పెళ్ళివారి ఇంట్లో నిద్రకు శత్రువులు మేళతాళాలు కావు, మనుషులు. చేతులు మారీ మారీ పిల్ల అలసిపోతుంది. ప్రతివారికీ ముద్దు చేయాలని ఉంటుంది, పడుకున్న పిల్లను చూడాలని తలుపు తీస్తారు. ఎవరినీ నొప్పించకుండా పిల్లను చేతుల్లోంచి తీసుకోవడానికి ఒక మాట ఉంది, ‘పాలివ్వాలండీ.’ ఎంతటి పెద్దావిడైనా వెంటనే ఇచ్చేస్తుంది. మొహమాటపడకుండా వాడుకోండి. మీ ఇంట్లో గదులు చాలకపోతే పక్కింటివారి గది అడగండి. ఆడపిల్ల పెళ్ళి అంటే పక్కింటివారు గది ఇవ్వనంటారా? మధ్యాహ్నపు నిద్ర అక్కడ పెట్టండి. గదిలో ఒక ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూ ఉంటే బయటి చప్పుడు తగ్గినట్టు వినిపిస్తుంది.

ముహూర్తం నాటి సాయంత్రం పాపను ఎప్పటిలాగే ఎనిమిదింటికి పడుకోబెట్టండి. కళ్యాణమండపంలో పందిరికి దూరంగా, వీలైతే పై అంతస్తులో, స్పీకర్లు లేని వైపు ఒక గది మీ నాన్నగారితో ముందే మాట్లాడించి ఉంచండి. నేల మీద పరుపు పరిచి పడుకోబెట్టండి, మంచమైతే దొర్లి పడుతుంది. దగ్గరలో దిండ్లు, పట్టుచీరల మూటలు, పూలబుట్టలు ఉండకూడదు. వరుసగా జరిపిన కుర్చీల మీద పడుకోబెట్టే అలవాటు మన పెళ్ళిళ్ళలో ఉంది, అది అస్సలు వద్దు. ఇక ముఖ్యమైన సంగతి, ఆ గదిలో ఎవరు ఉంటారో ముందు రోజే తేల్చుకోండి. అప్పటికప్పుడు ‘ఎవరో ఒకరు చూస్తారులే’ అనుకుంటే ఎవరూ చూడరు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, మంగళసూత్రం కట్టేటప్పుడు మీరు చెల్లి పక్కన ఉండాలి. ఆ సమయంలో అత్తయ్యగారిని పాప దగ్గర కూర్చోమని అడగండి. నలుగురిని పెంచిన మనిషికి ఇంతకంటే గౌరవంగా అప్పగించగలిగిన పని మరొకటి లేదు. బాజాలు హోరెత్తి పాప లేచినా, లేచి చూసే ముఖం తెలిసిన ముఖమై ఉంటుంది. తలంబ్రాలకు పాపను లేపి ఫొటో తీద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఫొటోలు మర్నాడు పొద్దున తీసుకోవచ్చు.

ఆ రెండు రోజులూ ఎవరో ఒకరు దిష్టి తగిలిందంటారు. తీయనివ్వండి, ఉప్పు తిప్పి పడేస్తే పోయేదేమీ లేదు. పైగా పిల్లను జనంలోంచి లోపలికి తీసుకొచ్చి కాసేపు కదలకుండా కూర్చోబెడతారు, ఆ సమయానికి పిల్లకు కావలసింది అదే. మిరపకాయల పొగ మాత్రం పిల్ల దగ్గరికి రానివ్వకండి.

తిరిగివచ్చాక మూడు నాలుగు రోజులు వేళలు తారుమారుగా ఉంటాయి. కంగారుపడి మళ్ళీ తలుపులు బిగించుకోకండి. పొద్దున రోజూ లేచే సమయానికే లేపండి, వెంటనే వెలుగులోకి తీసుకెళ్ళండి, రాత్రి కొంచెం ముందు పడుకోబెట్టండి. ఈ రెండు కొసలూ కుదిరితే మధ్యలో ఉన్నవి వాటంతట అవే సర్దుకుంటాయి.

ఇప్పుడు మీ గురించి. ఉత్తరం చివర మీరు రాసిన ఒక వాక్యం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. పాప పడుకున్నాక బాల్కనీలో నిలబడి ఏడుస్తున్నానని రాశారు. కాన్పు తరువాత వచ్చే దిగులు మొదటి నెలల్లోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. బిడ్డకు ఏడాది నిండేలోపు ఎప్పుడైనా రావచ్చు. రెండు వారాలుగా రోజూ ఏడుపు వస్తుంటే, పాప పడుకున్నా మీకు నిద్రపట్టకపోతే, తిండి మీద మనసు పోకపోతే, దేనిమీదా సంతోషం లేకపోతే డాక్టరుతో మాట్లాడండి. దీనికి మంచి వైద్యం ఉంది, పాలిచ్చే తల్లులకు పనికివచ్చే మందులూ ఉన్నాయి. ఇంట్లో చెప్పుకోలేని రోజున 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనో, పాపను ఏమైనా చేయాలనో ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే, ఆ గంటే ఎవరికైనా చెప్పండి.

మీవారు మీ ఇద్దరికీ సర్దిచెప్పడం ఆపి, వారంలో రెండు మధ్యాహ్నపు నిద్రలు తన బాధ్యతగా తీసుకోవాలి. శని, ఆదివారాలు పాపను పడుకోబెట్టేది ఆయన. మొదటి వారం పిల్ల ఆయన దగ్గర ఏడుస్తుంది. మీరు గది బయట నిలబడి వింటూ ఉండకండి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోండి. స్నేహితురాలిని కలవండి, మెట్రో ఎక్కి ఎటైనా వెళ్ళి రండి, చెల్లికి చీర కొనండి. ఎనిమిదో నెల పిల్ల ముద్ద తింటుంది, మీరు ముందే పిండి ఉంచిన మీ పాలు ఉంటే గిన్నెతో పట్టవచ్చు, రెండు గంటలు మీరు లేకుండా ఉండగలదు. తండ్రి చేతుల మీద పడుకోవడం వచ్చిన పిల్లకు రైలులోనూ, పెళ్ళిలోనూ మీరొక్కరే దిక్కు కానక్కరలేదు.

అత్తయ్యగారితో యాప్ చూపించి వాదించకండి. సాయంత్రం మీరు వదిలేసిన ఆ మూడో కునుకును ఆవిడకు ఇవ్వండి. నాలుగున్నరకు పాపను ఎత్తుకుని కింద తులసికోట దగ్గరో, పిల్లలు ఆడుకునే చోటో ఆవిడ తిప్పుతారు. పడుకోబెట్టే పద్ధతి పూర్తిగా ఆవిడది, మీరు వేలు పెట్టవద్దు. మధ్యాహ్నపు నిద్ర వేళకు గుడికీ పేరంటానికీ పాపను అడగకూడదన్న ఒక్క షరతు మాత్రం పెట్టండి. ఒక్కటే కాబట్టి ఒప్పుకుంటారు. మూడు షరతులు పెట్టినందువల్లే ఇన్నాళ్ళూ ఒక్కటీ సాగలేదు.

ఇంకొక పని ఇప్పుడే చేయండి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. పెళ్ళికి రెండు రోజుల ముందు పుట్టింటికి చేరేలా బండి ఎక్కే తేదీ చూసుకుని, దానికి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మీవారిని ఫోను పట్టుకుని కూర్చోమనండి. ఐదేళ్ళలోపు పిల్లలకు వేరే బెర్తు అడగకపోతే టికెట్టు అక్కరలేదు. కింది బెర్తు కావాలని తప్పక గుర్తుపెట్టండి. తిరుగు ప్రయాణం పెళ్ళి మర్నాడే పెట్టుకోకండి, పుట్టింట్లో ఇంకో రెండు రోజులు ఉండి రండి.